గాలి చొరని యిల్లు

మొన్న సంక్రాంతి వెళ్ళిన పదిహేను రోజులకు మా అత్తయ్య పర్చూరు దగ్గరి పల్లెనుంచి గుంటూరు వచ్చింది. చేతిసంచీలో పండుమిరపకాయలు, కొత్త కందిపప్పు, పిల్లలకు అరిసెలు. కాయలు ఆ సాయంత్రమే రోట్లో పడ్డాయి. రాత్రి అందరం భోజనాలకు కూర్చుని, ఆ పచ్చడి వేడి అన్నంలో నెయ్యి వేసి కలుపుకుంటున్నాం. పక్కన బల్లమీద వున్న సెల్‌ఫోను టింగుమంది.

ఫోను నాదే. కాని సాయంత్రం పూట బడివాళ్ళు పంపే హోంవర్కు కోసం మా అమ్మాయి వాడుకుంటుంది. ఎనిమిదో తరగతి, పదమూడు నిండాయి. తెర వెలిగి, బల్ల చుట్టూ వున్న అందరికీ కనబడేటట్టు ఒక మగపిల్లవాడి పేరూ, దానికింద ఒకే ఒక్క మాటా ప్రత్యక్షమయ్యాయి: "తిన్నావా?"

మన దేశంలో యీ మాట అడగనివాళ్ళెవరు? పాలవాడు అడుగుతాడు, పక్కింటావిడ అడుగుతుంది, బస్సులో పక్క సీటువాళ్ళు కూడా అడుగుతారు. కాని ఆ రాత్రి ఆ మాటకి మావారి చేతిలో ముద్ద చేతిలోనే వుండిపోయింది.

"ఎవరే?" అన్నారు.

"మా క్లాసబ్బాయి నాన్నా."

"క్లాసబ్బాయికి నువ్వు తిన్నదీ లేనిదీ యెందుకు?"

దానికి పిల్ల యేం చెబుతుంది? ఫోను బీరువాలోకి వెళ్ళింది. పిల్ల కంచం ముందునుంచి లేచి గదిలోకి వెళ్ళింది. మా అత్తయ్య మాత్రం నింపాదిగా మజ్జిగ పోసుకుంటూ, "ఎవురి పిలగాడంట? యింటిపేరేంది?" అని ఆరా తీసి, ఎవరూ బదులు చెప్పకపోయేసరికి, "నాకు పధ్నాలుగో యేటే పెళ్ళి చేశారు. మాకీ గొడవలన్నీ యాడున్నయ్యి!" అన్నది. ఆరో తరగతి చదివే మావాడికి తన సందేహం తనకి వుంది. "అమ్మా, నేను కూడా మా క్లాసు అమ్మాయిని తిన్నావా అని అడగకూడదా?"

ఇరవై యేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని, తెలుగు యెమ్మే చదివినదాన్ని. వాడి ప్రశ్నకి వెంటనే జవాబు తోచలేదంటే నమ్మండి.

నిజానికి మా అత్తయ్య అన్నదాంట్లో ఒక పెద్ద సంగతి దాగివుంది. ఆవిడకిప్పుడు డెబ్భై ఒకటి. పధ్నాలుగో యేట పెళ్ళి అంటే అప్పటి చట్టం ప్రకారం కూడా యేడాది తక్కువే. 1929లో వచ్చిన శారదా చట్టం 1930 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పధ్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది అన్నది దాని లెక్క. ఆ గడువు లోపల పెళ్ళిళ్ళు చేసెయ్యాలని దేశంలో ఎంతమంది తొందరపడ్డారో! 1949లో ఆడపిల్ల వయస్సు పదిహేనుకి పెంచారు. 1978లో పద్దెనిమిది, యిరవైయొకటి అన్నారు. ఆడపిల్లకు కూడా యిరవైయొకటి చెయ్యాలని 2021లో ఒక బిల్లు పెట్టారు గాని, అది చట్టం కాకుండానే 2024లో ఆ లోక్‌సభతోపాటు రద్దయిపోయింది.

ఇంతకీ నే చెప్పేది యేమంటే, అత్తయ్య కాలంలో పిల్ల పెద్దమనిషి కావడానికీ, కాపురానికి వెళ్ళడానికీ మధ్య పెద్ద వ్యవధి లేదు. మా అమ్మాయికి ఆ మధ్య కాలం పన్నెండేళ్ళో పదమూడేళ్ళో వుంటుంది. ఇంటరు, యింజనీరింగు, ఉద్యోగం, ఆ తరువాతనే పెళ్ళి. ఈ పన్నెండేళ్ళూ మన యిళ్ళల్లోకి కొత్తగా వచ్చి కూర్చున్నాయి. వీటిలో పిల్ల యెవరితో మాట్లాడవచ్చు, యెంతవరకు మాట్లాడవచ్చు అన్నదానికి మన పెద్దలు వదిలిపెట్టిన ఆచారం లేదు. ఆచారం లేనిచోట మనం భయాన్ని తెచ్చి కూర్చోబెట్టాం.

పైగా అందరి యిళ్ళలోనూ ఆ పన్నెండేళ్ళు రాలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో యిరవైకీ యిరవైనాలుగుకీ మధ్య వయస్సున్న స్త్రీలలో నూటికి యిరవైతొమ్మిది మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది. దేశం మొత్తంమీద సగటు యిరవైమూడే. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారూ, లక్ష్మీబాయమ్మగారూ ఆడపిల్లల చదువుకోసం శారదా నికేతనం పెట్టింది 1922లో. వందేళ్ళు దాటిన తరువాత కూడా లెక్క యిట్లా వున్నది.

మా వయస్సువాళ్ళకి తెలుసు, మేము చదువుకునే రోజుల్లో ఈ చిక్కును యెలా దాటేవాళ్ళమో. మన భాషలో ఒక ఆడపిల్ల పరాయి మగపిల్లవాడితో మాట్లాడాలంటే వరస కావాలి. వరసలు రెండే: అన్నయ్య, బావ. బావ అంటే ప్రమాదం గనక అందరూ అన్నయ్యలే. రికార్డు పుస్తకం అడగాలన్నా, బస్సు వెళ్ళిపోయిందేమో కనుక్కోవాలన్నా, "అన్నయ్యా" అని మొదలుపెట్టవలసిందే. 1990ల చివర నేను యింటరు చదివేటప్పుడు మా క్లాసులో ముప్ఫై మంది అన్నయ్యలుండేవాళ్ళు. వాళ్ళలో ఒక అన్నయ్య మా స్నేహితురాలికి తరువాత భర్త అయినాడు. ఆ సంగతి వాళ్ళ పెళ్ళిలో యెవరూ యెత్తలేదు, పాపం!

ఇప్పటి పిల్లలకు "ఫ్రెండు" అనే మాట వుంది. "డేటింగు" అన్న మాట కూడా సినిమాలోనో ఫోనులోనో విని వుంటారు. పెద్దవాళ్ళం మనం ఆ రెండింటికీ తేడా లేదనుకుంటాం. పదమూడేళ్ళ పిల్ల స్నేహానికీ, పదహారేళ్ళ పిల్ల ఆకర్షణకీ, యిరవైయేళ్ళ పిల్ల నిర్ణయానికీ అన్నింటికీ మన దగ్గర వున్నది "వ్యవహారం" అనే ఒకే ఒక్క పేరు. పేరు ఒకటే గనక శిక్ష కూడా ఒకటే.

పింగళి సూరన "ప్రభావతీ ప్రద్యుమ్నము" నేను క్లాసులో చెప్పేటప్పుడల్లా పిల్లలు నవ్వే చోటు ఒకటి వుంది. వజ్రనాభుడనే రాక్షసరాజు బ్రహ్మ దగ్గర వరం సంపాదించి వజ్రపురమనే నగరంలో వుంటాడు. అతని అనుమతి లేనిదే అందులోకి గాలి కూడా చొరరాదు. కూతురు ప్రభావతి ఆ కోటలోనే పెరిగింది. ద్వారకలో వున్న ప్రద్యుమ్నుడి సంగతి ఆమె చెవిని వేసింది శుచిముఖి అనే హంస. ఆ హంసను ఆదరించినవాడు రాజే. అది చెప్పిన కబుర్లు విని, నటుల బృందాన్ని పిలిపించినవాడూ రాజే. ఆ నటుల వేషంలోనే ప్రద్యుమ్నుడు వూళ్ళోకి వచ్చాడు. ద్వారం తీసింది ద్వారపాలకుడు కాదు, కన్నతండ్రి!

2020లో కరోనా వచ్చి బళ్ళు మూతబడినప్పుడు మనమందరం చేసిన పని అదేగదా. అప్పో సప్పో చేసి, ఆన్‌లైను పాఠాలకోసమని, పిల్లల చేతికి ఫోను యిచ్చింది మనమే. హంస వచ్చేసింది. ఇప్పుడు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం!

మా గుంటూరు చుట్టుపక్కల యింటరు రెసిడెన్షియల్ కాలేజీలు యెన్ని వున్నాయో మీకు తెలుసు. రాష్ట్రం నలుమూలలనుంచీ పిల్లల్ని తెచ్చి అక్కడ చేర్పించే తల్లిదండ్రులు ర్యాంకుల సంగతి అడిగిన తరువాత అడిగే రెండో ప్రశ్న, "ఆడపిల్లలకి వేరే క్యాంపస్సేనా?" అనే. చాలాచోట్ల వేరే, కలిసి వున్న చోట మెట్లు వేరే, బస్సులో వరసలు వేరే. సెల్‌ఫోను కనబడితే పెద్ద నేరం. వీటిలో చదివి నా దగ్గరికి డిగ్రీకి వచ్చిన పిల్లల్ని చనువుగా అడిగితే అసలు కథ చెబుతారు. గూగుల్ పేలో ఒక రూపాయి పంపి, ఆ రూపాయి వెనక నాలుగు మాటలు రాస్తారట. ఆటల్లో పక్కన వుండే పెట్టెలో మాట్లాడుకుంటారట. "మా నాన్న వాట్సాపు చూస్తాడు మేడమ్, రూపాయిల లెక్క చూడడు" అన్నాడు ఒకడు. గాలి వచ్చే దారి గాలికి తెలుసు!

ఇట్లా నవ్వుకుంటూ పోతే బాగానే వుండును. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం మా అమ్మాయి కాదు, మరొకరి అమ్మాయి.

ఎనిమిదేళ్ళ క్రితం నేను పల్నాటివైపు ఒక చిన్న పట్టణంలో జూనియర్ కాలేజీలో పని చేస్తున్నాను. రెండో సంవత్సరం క్లాసులో ఒక పిల్ల వుండేది. అక్షరాలు ముత్యాల్లా రాసేది. తండ్రి మిర్చి యార్డులో ముఠా హమాలీ, టిక్కీలు మోస్తాడు. తల్లి పత్తి తీతకు పోతుంది. పత్తి అయిపోతే మిరప కల్లాల్లో తాలుకాయలు యేరుతుంది. ఒక సాయంత్రం బస్టాండు దగ్గర సోడా బండి పక్కన ఆ పిల్లా, మా కాలేజీ కుర్రాడొకడూ నిలబడి గోలీసోడా తాగుతున్నారు. నన్ను చూసి ఆ పిల్ల నవ్వింది. దాచుకునే నవ్వు కాదది.

రెండు రోజుల తరువాత తల్లి పరీక్ష ఫీజు సంగతి కనుక్కోవడానికి కాలేజీకి వచ్చింది. ఫీజు సంగతి చెప్పి వూరుకోవచ్చును గదా! "పిల్లని కాస్త కనిపెట్టి వుండమ్మా" అన్నాను. అంతే. ఇంకొక్క మాట లేదు. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. పెద్దరికం కూడా అనిపించింది కాబోలు.

మరి రెండు వారాలకు పిల్ల కాలేజీకి రావడం మానేసింది. పెళ్ళయిపోయిందని మూడోనాడు తోటిపిల్లలు చెప్పారు. మేనమామకిచ్చి చేశారు. పదిహేడు నిండి మూడు నెలలు. నేను వాళ్ళ యింటికి వెళ్ళాను. తల్లి నాకు పీట వేసి, మంచినీళ్ళిచ్చింది. "యిదేం పని చేశావమ్మా" అంటే ఆవిడ నా ముఖంవైపు చూసి, "మీరేగా మేడమ్ చెప్పింది, కనిపెట్టి వుండమని. మేం తెల్లారకముందు ఆటో యెక్కితే దీపాలు పెట్టినాక వస్తాం. యింట్లో కనిపెట్టి వుండేదానికి యెవురున్నారు? అందుకని వున్నచోటికి పంపాం" అన్నది.

దాంట్లో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఆవిడకు తెలిసిన కాపలా అదొక్కటే. పుస్తకాల్లో బాల్యవివాహానికి మూఢాచారమని కారణం రాస్తాం. ఆ వాకిట్లో నాకు కనబడింది పత్తి తీతకి వెళ్ళే ఆటో.

మా కాలేజీ నోటీసు బోర్డుమీద 1098 అని చైల్డ్‌లైన్ నెంబరు పెద్ద అక్షరాలతో అంటించి వుండేది. రోజూ దాని పక్కనుంచే క్లాసుకి వెళ్ళేదాన్ని. జరిగిపోయిందిగదా, యిప్పుడు చెప్పి యెవరిని జైల్లో పెట్టిస్తాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. 2006 చట్టం ప్రకారం అటువంటి పెళ్ళిని, మైనరుగా వున్నవాళ్ళు తమకి పద్దెనిమిది వచ్చిన తరువాత రెండేళ్ళలోపు కోర్టుకి వెళ్ళి రద్దు చేయించుకోవచ్చునని నాకప్పుడు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చెయ్యలేదన్నదే సరయిన మాట.

రెండేళ్ళ తరువాత ఆ పిల్ల టీసీ కోసం వచ్చింది. చంకలో బిడ్డ. ఫారం నింపుతూ, నేను అడగకుండానే అన్నది: "ఆ రోజు వాడు నాకు ఫిజిక్సు రికార్డు యిచ్చాడు మేడమ్. అందుకని సోడా యిప్పించాను. డబ్బులు నావే." అక్షరాలు అప్పటికీ ముత్యాల్లాగే వున్నాయి. తరువాత ప్రైవేటుగా కట్టి యింటరు పాసయిందని విన్నాను. ఆ మాట విని నేను సంతోషించాను గాని, ఆ సంతోషంలో నాకు భాగం లేదు.

ఐతే భయపడే తల్లిదండ్రులందరూ తెలివితక్కువవాళ్ళని నేను అనను. 2021 ఆగస్టు 15న, జెండా పండుగనాడు, గుంటూరు నడిరోడ్డుమీద పట్టపగలు ఒక బి.టెక్. విద్యార్థినిని, ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన యువకుడొకడు కత్తితో పొడిచి చంపాడు. 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం అతనికి మరణశిక్ష విధించింది. ఆ వారం మా కాలేజీలో ఆడపిల్లలు సగంమంది ఫోన్లు లేకుండా వచ్చారు. తండ్రులు తీసేసుకున్నారు. మగపిల్లల్లో ఒక్కడి ఫోనైనా పోయినట్టు నేను వినలేదు! చంపినవాడు మగవాడైతే, కట్టుబాటు ఆడపిల్లలకి వచ్చింది. కొడుకుని కూర్చోబెట్టి, "అమ్మాయి కాదన్నదంటే కాదనే అర్థం. మళ్ళీ అడగకూడదు, వెంటపడకూడదు, స్నేహితులచేత చెప్పించకూడదు" అని ఆ వారంలో ఎందరు తండ్రులు చెప్పారో! వెంటపడగా పడగా పిల్ల మెత్తబడుతుందని వాళ్ళకి పాఠం చెప్పడానికి మన సినిమాలు యెప్పుడూ సిద్ధంగా వున్నాయి.

మరొక భయం యిళ్ళల్లో పైకి పేరుపెట్టి చెప్పుకోనిది. మా అత్తయ్య "యింటిపేరేంది?" అన్న మూడు ముక్కల్లో అది వుంది. మన జిల్లాల్లో యింటిపేరు అడిగితే కులం తెలుస్తుంది, వూరు అడిగితే మిగతాది తెలుస్తుంది. పిల్ల వయస్సు చిన్నదని మనం అంటాం గాని, చాలా యిళ్ళల్లో అబ్బాయి "మనవాడే" అని తేలగానే ఆ వయస్సే పెద్దదైపోతుంది. మిర్యాలగూడలో స్కూలునాటి స్నేహంతో పెళ్ళాడిన జంటలో అబ్బాయిని 2018 సెప్టెంబరులో భార్య కళ్ళెదుటే కిరాయి హంతకుడిచేత చంపించిన కేసు మనమందరం చదివాం. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం వేసింది. ఆ యిద్దరూ మేజర్లే. అక్కడ కట్టుబాటు వయస్సుకోసం పుట్టింది కాదు. ఇంట్లో నియమం పెట్టేముందు, అది పిల్ల క్షేమం కోసమా, మన యింటిపేరు కోసమా అని మనల్ని మనం అడుగుకోవడం మంచిది. నేనూ అడుగుకున్నాను, జవాబు అంత సుఖంగా లేదు.

చట్టం సంగతి కూడా యింట్లో చెప్పవలసిందే. ముఖ్యంగా అబ్బాయిల తల్లులు వినాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివారందరూ పిల్లలే. పదిహేడేళ్ళ పిల్ల "నా యిష్టంతోనే" అన్నా ఆ యిష్టానికి చట్టంలో విలువ లేదు. హద్దు దాటిన అబ్బాయి మేజరైతే పదేళ్ళకు తగ్గని శిక్ష. అమ్మాయికి పదహారు నిండకపోతే యిరవై యేళ్ళకు తగ్గదు. అబ్బాయి కూడా మైనరైతే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళతాడు. ఇద్దరూ కలిసి యిల్లు వదిలి వెళ్ళడం, అమ్మాయి తండ్రి కనబడటం లేదని ఫిర్యాదు చెయ్యడం, అది పోక్సో కేసు కావడం, యిది కోర్టుల్లో కొత్త కథ కాదు. ఈ వయస్సు తగ్గించాలా అన్న చర్చ వచ్చింది గాని, 2023లో లా కమిషను తగ్గించవద్దనే చెప్పింది. పదహారు, పద్దెనిమిది మధ్య పిల్లల కేసుల్లో జడ్జీలకు కొంత వెసులుబాటు వుండాలన్నది. ఇక వొంటిమీద బట్ట లేని మైనరు బొమ్మ ఫోనులో పంపడం, దాచుకోవడం కూడా నేరమే. ఈ మాటలు చెప్పడానికి మనకు సిగ్గు. పిల్లలకు మాత్రం యెవరో ఒకరు చెబుతూనే వుంటారు, తప్పులతడకగా.

పూర్వం యిట్లాంటివి అడగడానికి పిల్లలకి దారే లేదనుకోకండి. మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారంటే, యింట్లో అడగలేని సంగతులు ఉత్తరాల్లో అడిగినవాళ్ళెందరో వుండబట్టే. ముఖం యెరుగని మనిషికి చెప్పగలిగింది కన్నతల్లికి యెందుకు చెప్పలేరు? కారణం చాలా చిన్నది. ఆవిడ తిట్టరు, పక్కింటివాళ్ళతో చెప్పరు.

దీన్ని గురించి పరిశోధన చేసినవాళ్ళూ వున్నారు. స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే యిద్దరు పధ్నాలుగేళ్ళ పిల్లల్ని ఏడువందల మందిని, వాళ్ళ తల్లిదండ్రుల్నీ పరిశీలించి 2000లో ఒక వ్యాసం ప్రకటించారు. పిల్లలు యెక్కడికి వెళుతున్నారో, యెవరితో తిరుగుతున్నారో తల్లిదండ్రులకి తెలిసినదాంట్లో ముఖ్యభాగం నిఘా పెట్టి కనిపెట్టింది కాదట. పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పింది. వాళ్ళ దేశం వేరు, మన దేశం వేరు అనవచ్చు. కాని బీరువాలో పెట్టిన ఫోను మా అమ్మాయి సంగతి నాకేమీ చెప్పలేదన్నది మాత్రం గుంటూరు బ్రాడీపేటలో కూడా నిజమే.

అలాగని నియమాలు వద్దని కాదు. పదమూడేళ్ళ పిల్లకి నియమం లేకపోవడం స్వేచ్ఛ కాదు, అనాథత్వం. ఆస్ట్రేలియా ప్రభుత్వం పదహారేళ్ళ లోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు వుండకూడదని 2025 డిసెంబరు 10 నుంచి అమలుపెట్టింది. అదెంతవరకు నిలబడుతుందో చూడాలి. మా యింట్లో చట్టం చేసేవాళ్ళం మేమే గనక, మరుసటి ఆదివారం మధ్యాహ్నం అందరం హాల్లో కూర్చున్నాం. ఫోను బీరువాలోంచి తీసి మధ్యలో పెట్టాం. పంచాయితీకి పెద్ద మా అత్తయ్య.

మొదట మావారు ఒక కాయితం చదివారు. అందులో యేడు "కూడదు"లున్నాయి. మా అమ్మాయి అంతా విని, "తమ్ముడికి కూడా యివేనా?" అంది. మావారు నావైపు చూశారు. ఆ కాయితం అక్కడే ఆగిపోయింది. ఏది పెట్టినా యిద్దరికీ అని మొదటి తీర్మానం.

అబ్బాయిలతో మాట్లాడటం తప్పు కాదని ఒప్పుకున్నాం. స్నేహితులెవరైనా యింటికి రావచ్చు, హాల్లో కూర్చోవాలి. పుట్టినరోజులకీ సినిమాకీ నలుగురితో వెళ్ళవచ్చు, చీకటి పడేలోగా రావాలి. ఇద్దరే కలిసి వెళ్ళడం యింటరు పూర్తయ్యేవరకు లేదు. దీనిమీద మా అమ్మాయి చాలా వాదించింది, నేనూ వొప్పుకోలేదు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్లన్నీ, మా యిద్దరివీ కలుపుకుని, హాల్లో అలమారులో వుండాలి. ఇది మావారికి కష్టం తోచింది, ఆయన క్రికెట్టు అందులోనే చూస్తారు. చూడని మనిషికి బొమ్మ పంపకూడదు. చూసిన మనిషికి కూడా, వూళ్ళో గోడకి అంటించినా సిగ్గుపడనక్కరలేని బొమ్మ అయితేనే పంపాలి. ఎవరైనా బెదిరించారా, అర్ధరాత్రి అయినా లేపి చెప్పాలి. ముందు సహాయం, తిట్లేమైనా వుంటే తరువాత.

అప్పుడు మా అమ్మాయి, "మీకు నియమాలు లేవా?" అన్నది.

ఆమె అడిగినవి రెండే. చెప్పకుండా ఫోను తీసి చూడకూడదు. చూడాలనిపిస్తే ముందు చెప్పి, తన యెదటే చూడాలి. రెండోది, తను చెప్పిన మాట యింకొకరికి చేరకూడదు. పిన్నికి గాని, టీచరుకి గాని, ఆ అబ్బాయి వాళ్ళమ్మకి గాని. "ఎవరికీ" అని వొత్తి పలికింది. సోడా బండి సంగతి ఆమెకి తెలియదు. నేను సరేనన్న గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇంతవరకు మాట్లాడని మా అత్తయ్య అప్పుడు నోరు తెరిచింది. "నా చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళకి పోతే మా బావ నాకు గాజులు వేయించాడు. ప్రభల కాడ. రెండు చేతులకీ" అన్నది.

"తాతయ్యా?" అన్నాడు మావాడు.

"తాతయ్య కాదు. యింకో బావ."

మావారు గభాలున లేచి మంచినీళ్ళకి వెళ్ళారు. మా అమ్మాయి నాయనమ్మ పక్కకి జరిగి, "తర్వాత?" అని అడిగింది. "తర్వాత యేముంది, పెళ్ళయ్యేలోపు పగిలిపోయినయ్యి" అని నవ్వింది ఆవిడ. యాభైయేడేళ్ళనాటి సంగతి, కొడుక్కి కూడా తెలియనిది, ఆ పూట మనుమరాలికి చెప్పింది.

ఆ "తిన్నావా" కుర్రాడు తరువాత ఒక శనివారం లెక్కల పుస్తకం కోసం యింటికి వచ్చాడు. నాకంటే పొట్టి. మా అత్తయ్య వాడిని యింటిపేరు అడగబోయి, మనుమరాలి ముఖం చూసి, "తిన్నావా నాయనా?" అని అడిగింది. పచ్చడన్నం రెండు ముద్దలు తిన్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా బాగుందన్నాడు. ఆ తరువాత వాడి దగ్గరనుంచి కబుర్లు తగ్గాయని తెలిసింది. పచ్చడి కారణమో మరొకటో మేము అడగలేదు.

ఈ వ్యాసం అచ్చుకి పంపేముందు మా అమ్మాయికి చూపించాను. రెండు వాక్యాలు కొట్టేసింది. మిగిలింది వుండనిమ్మన్నది. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫోను అలమారులో పెట్టి వచ్చి, నా మంచం మీద కూర్చుని, "అమ్మా, ఒకటి చెబుతాను. యిది మాత్రం రాయకూడదు" అన్నది. చెప్పింది. అంచేత నేను యింతటితో ఆపుతున్నాను.